గ్రౌండ్‌లో మొహమాటం వద్దు: ఆదివారం జరిగినదాని గురించి

ఎలివేటర్_అప్ · సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. నిన్న మన రిమోట్ విమానాల గ్రౌండ్‌కి రానివాళ్ల కోసం ముందు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున ఏడుంబావు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు, చలికి అందరం జాకెట్లలోనే ఉన్నాం. ఏలూరు అన్న తన ట్రెయినర్ విమానానికి పిట్స్‌లో (విమానాలు సిద్ధం చేసుకునే చోట) టేబుల్ మీదే బ్యాటరీ కనెక్ట్ చేసి, విమానాన్ని కుడిచేత్తో పట్టుకుని రన్‌వే వైపు నడుస్తున్నారు. రిమోట్ మెడలో స్ట్రాప్‌కి వేలాడుతోంది. నడకలో జాకెట్ జిప్ కొస మోటార్ వేగం పెంచే త్రాటిల్ స్టిక్‌కి తగులుకుని దాన్ని పైకి లాగింది. మోటార్ ఒక్కసారిగా తిరిగింది. ఆయన ఉలిక్కిపడి ఎడమచేత్తో విమానం ముక్కు దగ్గర పట్టుకోబోయారు. చూపుడువేలు, మధ్యవేలు తెగాయి. ఏడు కుట్లు పడ్డాయి. ఎముకకి ఏమీ కాలేదు, వేళ్లు కదులుతున్నాయి.

ఆ సమయంలో గాల్లో రెండు విమానాలున్నాయి. అరుపు విని పైలట్లు ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఒకరు వెంటనే దించేశారు. రెండోది పిట్స్ మీదుగా, మా తలల మీద పది పన్నెండు అడుగుల ఎత్తులో దూసుకెళ్లి పక్క పొలంలో పడింది. మేం ఆరుగురం రక్తం కారుతున్న చెయ్యి చుట్టూ వంగి ఉన్నాం. అది వస్తోందని ఒక్కరికీ తెలియదు. తర్వాత దాన్ని తెచ్చుకోవడానికి ముగ్గురు, నాలుగు రోజుల కిందట నాట్లు వేసిన మడిలోంచి అడ్డంగా నడిచారు.

ఫస్ట్ ఎయిడ్ డబ్బా కోసం నాలుగు కార్లు వెతికితే ఒకదాంట్లో దొరికింది. అందులో ప్లాస్టర్లకి జిగురు ఎండిపోయింది. చివరికి ఎవరో ఇచ్చిన ఉతికిన తువ్వాలు చుట్టి తీసుకెళ్లాం.

రాత్రంతా ఇదే ఆలోచించాను. మూడు సంగతులూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ మూడింట్లోనూ జరిగింది ఒకటే. ఎవరం నోరు విప్పలేదు. బ్యాటరీ పెట్టానని ఆయన చెప్పలేదు. త్రాటిల్ కట్ (మోటార్ తిరగకుండా ఆపే స్విచ్) వేశారా అని పక్కనే ఉన్న నేను అడగలేదు. నిజానికి నాకు అనుమానం వచ్చింది. పదేళ్లుగా ఎగరేస్తున్న మనిషిని ఏం అడుగుతాంలే అనుకున్నాను. కంట్రోల్ తప్పిందని పైలట్ అరవలేదు. మడిలో దిగొద్దు, గట్టు మీంచి వెళ్లండని వెనకున్నవాళ్లు చెప్పలేదు. పెద్దవాళ్లకి చెప్పడానికి మొహమాటం, కొత్తవాళ్లకి చెబితే చిన్నబుచ్చుకుంటారని మొహమాటం. నిన్న అదే మన మీదికి వచ్చింది.

ఈ ఆదివారంలోపు దీని మీద ఏదో ఒకటి తేల్చుకుందాం. అందరూ రాయండి.

బాల్సా_బాబాయ్ · సోమవారం, ఉదయం 8:15

ఆసుపత్రి నుంచి రాత్రి పది దాటాక వచ్చాను. ఏలూరాయన ధైర్యంగానే ఉన్నాడు.

ఒక పాత సంగతి చెబుతాను. నేను మొదలుపెట్టిన రోజుల్లో మా రిమోట్లు 72 మెగాహెర్ట్జ్‌వి. ఒక్కొక్క దానికి ఒక క్రిస్టల్, దాని మీద ఛానల్ నంబర్. ఒకే ఛానల్‌లో ఇద్దరు ఆన్ చేస్తే గాల్లో ఉన్నది నేల కూలినట్టే. అందుకని గ్రౌండ్‌లో ఒక చెక్క బోర్డు ఉండేది, దానికి నంబర్లు రాసిన బట్టల క్లిప్పులు. నీ నంబర్ క్లిప్ నీ చేతిలో ఉంటేనే రిమోట్ ఆన్ చెయ్యాలి. క్లిప్ కనపడకపోతే "ఇరవై ఒకటి ఎవరి దగ్గరుంది?" అని గట్టిగా అడగాల్సిందే, మరో దారి లేదు. సిగ్గుపడితే విమానం పోతుంది. నీది కాదు, పక్కవాడిది.

2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక విమానంలోని రిసీవర్ తనతో బైండ్ అయిన (జత కలిసిన) రిమోట్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. చాలా మంచి మార్పు. కానీ క్లిప్పులతో పాటు ఒకరినొకరు అడిగే అలవాటు కూడా పోయింది. ఇప్పుడు ఎవరి టేబుల్ వాళ్లది, ఎవరి విమానం వాళ్లది.

ఇంకోటి. ఇంధనంతో నడిచే గ్లో ఇంజన్ తిరుగుతుంటే ఆ మోతకి ఎవడూ దాని ముందు చెయ్యి పెట్టడు. ఎలక్ట్రిక్ మోటార్ చప్పుడు చెయ్యదు, ఆగిపోయిన ఫ్యాన్‌లా అమాయకంగా ఉంటుంది. బ్యాటరీ పెట్టిన క్షణం నుంచీ దాన్ని నడుస్తున్న ఇంజన్‌గానే చూడాలి. నేనీ మాట నలభైసార్లు అనుకున్నాను, గ్రౌండ్‌లో ఒక్కసారీ పైకి అనలేదు.

ఫోమీ_తమ్ముడు · సోమవారం, ఉదయం 9:40

ఆ రెండో విమానం నాదే. నిన్న అందరి ముందూ చెప్పలేకపోయాను, క్షమించండి.

అరుపు వినగానే వెనక్కి చూశాను. రెండు సెకన్లు ఉంటుందేమో. తిరిగి పైకి చూస్తే విమానం ముక్కు ఎటు ఉందో అర్థం కాలేదు. మంచులో నల్లగా ఒక గీతలా కనిపించింది. నా వైపే వస్తోంది, కాబట్టి ఎడమ కుడి తారుమారు. చేతులు బిగుసుకుపోయాయి. అరవాలని అనిపించింది, నిజంగా నోటిదాకా వచ్చింది. అరిస్తే నాలుగు నెలల నుంచి నేర్చుకుంటూ ఇంకా ఇంతేనా అనుకుంటారని ఆగిపోయాను. మీ తలల మీదుగా వెళ్తున్నప్పుడు నాకు చెవుల్లో ఏమీ వినిపించలేదు.

అసలు ఏమని అరవాలో కూడా నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. దయచేసి చెప్పండి.

ఎలివేటర్_అప్ · సోమవారం, ఉదయం 10:05

తమ్ముడూ, నువ్వు రాసినందుకు చాలా సంతోషం. చెప్పకపోవడం మా తప్పు, నీది కాదు.

"తల మీదికి!" అని అరువు. రెండు మాటలు చాలు, అందరికీ అర్థమవుతుంది. కొందరు "హెడ్స్ అప్" అంటారు గానీ ఆ మాట తెలియనివాళ్లు నిజంగా తల పైకెత్తి వెతుకుతూ నిలబడతారు, నేను చూశాను. ఇక రెండోది, త్రాటిల్ పూర్తిగా కిందికి లాగు. విమానం ఎక్కడ పడినా పరవాలేదు. ప్రాప్ (ప్రొపెల్లర్) తిరగని విమానం తగలడం వేరు, తిరుగుతున్నది తగలడం వేరు. విమానాన్ని కాపాడుకుందామన్న ఆశ ఆ క్షణంలో వదిలెయ్యాలి. మళ్లీ కట్టుకోవచ్చు.

మిగతా మాటలు కూడా పెద్ద చదువేం కాదు. రన్‌వే మీదికి వెళ్తున్నప్పుడు "టేకాఫ్", దించుతున్నప్పుడు "ల్యాండింగ్", విమానం తీసుకోవడానికి మనిషి రన్‌వే మీదికి వెళ్తుంటే "రన్‌వే మీద మనిషి", బయటికొచ్చాక "ఖాళీ". మోటార్ ఆగిపోతే "డెడ్ స్టిక్". ఆ మాట విన్నవాళ్లందరూ దారి ఇవ్వాలి, ఎందుకంటే దానికి రెండో ప్రయత్నం ఉండదు. పక్కవాళ్లు "ఓకే" అని బదులు చెప్పేదాకా అనాలి. బదులు రాకపోతే వినలేదని లెక్క.

లిపో_లెక్కలు · సోమవారం, మధ్యాహ్నం 1:20

లెక్కలు చెబితే కొందరికి మనసులో నాటుకుంటుంది, అందుకని రాస్తున్నాను.

మన ట్రెయినర్లలో మామూలుగా వాడేది 10 అంగుళాల ప్రాప్. అది నిమిషానికి 10,000 సార్లు తిరిగితే కొస వేగం సెకనుకి సుమారు 133 మీటర్లు, అంటే గంటకి 480 కిలోమీటర్ల దగ్గర. రెండు రెక్కలు కాబట్టి ఒక్క సెకనులో 330 సార్లకి పైగా అదే చోట కోస్తుంది. వేలు వెనక్కి లాక్కునే టైమ్ ఉంటుందని ఎవరూ అనుకోవద్దు.

ఇక తల మీదుగా వెళ్లిన విమానం. కిలోన్నర బరువు, గంటకి 72 కిలోమీటర్లు అనుకుందాం. దాని శక్తి 300 జౌల్స్. ఫాస్ట్ బౌలర్ 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతికి ఉండేది 120 చిల్లర. అంటే రెండున్నర రెట్లు. ఆ బంతికి హెల్మెట్ పెట్టుకుంటాం, దీని కింద టోపీతో నిలబడతాం. ఫోమ్ విమానమే కదా అనేవాళ్లు దాని ముక్కులో ఉన్న మోటార్‌నీ బ్యాటరీనీ ఒకసారి చేత్తో తూచి చూడండి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి. రిమోట్ ముందు ఆన్, త్రాటిల్ కట్ స్విచ్ ముందే వేసి ఉంటుంది. విమానాన్ని ఎవరో ఒకరు తోక వైపు నుంచి పట్టుకుంటారు. "బ్యాటరీ పెడుతున్నా" అని చెప్పి అప్పుడు కనెక్ట్ చేస్తాను, అదీ పిట్స్‌లో కాదు, రన్‌వే పక్కన నేల మీద. ముక్కు మనుషుల వైపు ఉండదు. దిగాక ముందు బ్యాటరీ తీస్తాను, తర్వాతే రిమోట్ ఆఫ్. ఈ వరస తలకిందులైతే రిసీవర్‌కి సిగ్నల్ లేని క్షణాలు కొన్ని వస్తాయి. ఫెయిల్‌సేఫ్ సరిగ్గా పెట్టుకోనివాళ్లకి ఆ క్షణాలే ప్రమాదం.

ఫెయిల్‌సేఫ్ అన్నాను కాబట్టి ఒక మాట. సిగ్నల్ పోతే త్రాటిల్ సున్నాకి రావాలి. చాలా రిసీవర్లు బైండ్ చేసిన సమయంలో స్టిక్ ఎక్కడుందో దాన్నే గుర్తుపెట్టుకుంటాయి. త్రాటిల్ సగంలో ఉంచి బైండ్ చేస్తే సిగ్నల్ పోయినప్పుడు అది సగం త్రాటిల్‌తో ఊరి మీదికి వెళ్తుంది. ప్రాప్ విప్పేసి, రిమోట్ ఆఫ్ చేసి మోటార్ ఆగుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. పది నిమిషాల పని. సెట్టింగులన్నీ ప్రాప్ విప్పి చేసుకోవాలి, ఇందులో మినహాయింపు లేదు.

పెద్ద విమానాలకి సేఫ్టీ ప్లగ్ కూడా పెట్టుకోవచ్చు. బ్యాటరీ లోపల కనెక్ట్ అయి ఉన్నా, బయట ఒక ఎర్ర ప్లగ్ గుచ్చితే తప్ప మోటార్‌కి కరెంట్ వెళ్లదు. ప్లగ్ జేబులో ఉందంటే విమానం నిద్రలో ఉన్నట్టు. కావాలంటే నేను సోల్డర్ చేసి ఇస్తాను, వైర్ మీరు తెచ్చుకోండి.

ఎఫ్‌పీవీ_చిన్నోడు · సోమవారం, మధ్యాహ్నం 2:45

అన్నీ ఒప్పుకుంటాను. కానీ ప్రతిసారీ ఇలాంటి చర్చ చివరికి మా డ్రోన్లవాళ్ల మీదికే వస్తుంది, అందుకే ముందే రాస్తున్నా. నిన్న జరిగినదాంట్లో డ్రోన్ లేదు.

డ్రోన్ కెమెరా చూపించే గాగుల్స్ పెట్టుకుంటే పక్కన ఏం జరుగుతోందో మాకు కనపడదు. మీరు "ల్యాండింగ్" అని అరిచినా మేం ఏ గేటు చుట్టూ తిరుగుతున్నామో మీకు తెలియదు. పక్కన స్పాటర్ (మా బదులు ఆకాశం చూసే మనిషి) ఉండాలని తెలుసు, కానీ అడిగితే ఎవరూ రారు. మా ముగ్గురిలో ఒకరు ఎగరేస్తే ఇంకొకరు చూస్తాం, మూడోవాడు ఖాళీగా కూర్చోవాలి. మమ్మల్ని కాస్త క్లబ్ మనుషుల్లా చూస్తే బాగుంటుంది.

బాల్సా_బాబాయ్ · సోమవారం, సాయంత్రం 5:30

బాబూ, నువ్వన్నది నిజం. గత నెల నువ్వు స్పాటర్‌గా ఉండమని అడిగితే నేనే తప్పించుకున్నాను. మనసులో పెట్టుకోకు.

ఇద్దరం ఒకేసారి ఎగరేయడం మానేద్దాం. రెక్కల విమానాలు రన్‌వే వెంబడి కోలగా తిరుగుతాయి, మీవి ఎటుపడితే అటు మలుపు తీసుకుంటాయి. ఒకే ఆకాశంలో రెండూ కుదరవు. ఇరవై నిమిషాలు మావి, ఇరవై నిమిషాలు మీవి. మీ ఇరవై నిమిషాల్లో నేను మీ పక్కన కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తాను. హెలికాప్టర్ వస్తే భుజం తడతాను, వెంటనే దించెయ్యాలి.

ఎఫ్‌పీవీ_చిన్నోడు · సోమవారం, సాయంత్రం 5:48

థ్యాంక్స్ బాబాయ్. కుర్చీ నేను తెస్తాను.

పచ్చచేను · సోమవారం, రాత్రి 9:10

పొలం సంగతి ఎవరూ తీయలేదు. నేను ఆ పక్క ఊరివాణ్ని, మా నాన్నకీ నాలుగెకరాలుంది. అందుకే కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోవద్దు.

యాసంగి నాటు అంటే ఏంటో తెలియనివాళ్లకి: నారు పీకి, కూలీలు వంగి, బురదలో ఒక్కో కుదురూ చేత్తో గుచ్చుతారు. నాలుగు రోజుల నాటుకి వేరు ఇంకా పట్టదు. మీరు కాలు వేస్తే ఆ కాలి కింద మూడు నాలుగు కుదుళ్లు బురదలోకి దిగిపోతాయి. కాలు తీస్తే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి, పక్క కుదుళ్లు కూడా వాలిపోతాయి. నిన్న సాయంత్రం నేను వెళ్లి చూశాను. వెళ్లిన దారిలో ఒక వరస, వచ్చిన దారిలో ఇంకో వరస. ముగ్గురూ తలో దారిలో నడిచారు. ఒకరి బూటు అచ్చు అంగుళాలతో సహా కనిపిస్తోంది.

ఆ పెద్దాయన మనల్ని ఒక్క మాట అనలేదు. గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. అది నాకు తిట్టిన దానికన్నా ఎక్కువ బాధనిపించింది.

మనం ఆ నేల మీద ఎగరేసుకుంటున్నది ఊరివాళ్లు ఊరుకున్నందువల్ల. కాగితం మీద మనకి హక్కేమీ లేదు. పొలంలో విమానం పడితే ముందు మనిషిని వెతకాలి, విమానాన్ని కాదు. "అయ్యా, మా బొమ్మ విమానం మీ మడిలో పడింది, ఎట్లా తీసుకోవాలి" అని అడిగితే ఆయనే గట్టు చూపిస్తాడు, లేదా తనే పోయి తెచ్చిస్తాడు. ఎవరూ లేకపోతే ఒక్కరే వెళ్లాలి, గట్టు మీంచి వీలైనంత దగ్గరికి పోయి, వరసల మధ్యలో అడుగు వేసి, వెళ్లిన అడుగుల్లోనే తిరిగి రావాలి. చెప్పులు విప్పి దిగండి. అది మర్యాద కోసమే కాదు, బూటు బురదలో ఇరుక్కుని పీకేటప్పుడు ఇంకో నాలుగు కుదుళ్లు పోతాయి.

బ్యాటరీ పొలంలో వదిలేసి రావద్దు. విమానం విరిగినా ప్రతి ముక్కా ఏరుకురండి. ఫోమ్ ముక్కలు పశువులు నములుతాయి. విరిగిన కార్బన్ రాడ్ బురదలో ఉంటే కలుపు తీసే ఆడవాళ్ల కాళ్లలో దిగుతుంది.

మేకల మంద రన్‌వే దాటుతుంటే హారన్ కొట్టడం, తరమడం కూడా మానెయ్యండి. ఐదు నిమిషాలు ఆగితే వాటంతటవే పోతాయి.

ఫోమీ_తమ్ముడు · సోమవారం, రాత్రి 9:35

ఆ బూటు నాదే అన్నా. రేపు సాయంత్రం ఆఫీసు అయ్యాక వస్తాను. నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్తారా?

పచ్చచేను · సోమవారం, రాత్రి 9:41

పొద్దున రా. సాయంత్రం ఆయన కళ్లు కనపడక తొందరగా ఇంటికి పోతాడు. ఆరున్నరకి గుడి దగ్గర ఉంటాను.

పాప_నాన్న · మంగళవారం, ఉదయం 7:30

నేను పెద్దగా రాయను, చదువుతూ ఉంటాను. మా పాపకి పదకొండేళ్లు, ప్రతి ఆదివారం నాతో వస్తుంది. మొన్న ఆదివారం మేం ఊళ్లో లేం. ఉండి ఉంటే ఆ పిట్స్ దగ్గర టేబుల్ కింద కూర్చుని బొమ్మలు గీసుకుంటూ ఉండేది. ఆదివారం నుంచీ అదే కళ్లముందు ఆడుతోంది.

చూడటానికి వచ్చేవాళ్లకి, పిల్లలకి, కుక్కపిల్లల్ని తెచ్చుకునేవాళ్లకి ఒక చోటు కావాలి. కార్ల వెనక తాడు కట్టినా చాలు. పిల్లల్ని ఆపడం మీ పని కాదు, మాదే. కానీ గీత ఉంటే మాకు తేలిక.

ఒక ప్రశ్న. తనకి నేర్పించాలంటే బడ్డీ బాక్స్ పద్ధతి సురక్షితమేనా?

లిపో_లెక్కలు · మంగళవారం, ఉదయం 8:00

అంతకన్నా మంచి పద్ధతి లేదు. రెండు రిమోట్లు, నేర్పేవాళ్ల చేతిలో ఒక స్విచ్. అది నొక్కి ఉంచినంతసేపే పాప చేతిలో కంట్రోల్ ఉంటుంది, వదిలేస్తే తిరిగి మీ చేతికి వస్తుంది. రెండింట్లో ట్రిమ్‌లు, స్టిక్ దిశలు ఒకేలా ఉన్నాయో లేదో నేల మీదే సరిచూసుకోండి. ఎగరేసే ప్రతిసారీ పాపతోనే సర్ఫేస్‌లు (కదిలే పలకలు) చెక్ చేయించండి: స్టిక్ కుడికి కదిపితే కుడి రెక్క మీద అయిలరాన్ (రెక్క వెనక అంచు పలక) పైకి లేవాలి. తిరగబడిన అయిలరాన్‌తో టేకాఫ్ చేసిన విమానం కూలడానికి మూడు సెకన్లు పట్టదు. పెద్దవాళ్లు మర్చిపోయేది పిల్లలు మర్చిపోరు.

డాలస్_డెల్టా · మంగళవారం, ఉదయం 10:55

ఇక్కడ రాత్రి, ఇప్పుడే చదివాను. ఏలూరు అన్నకి త్వరగా నయం కావాలి.

నేను టెక్సాస్‌లో ఒక క్లబ్‌లో ఉన్నాను. ఇక్కడ మోడల్ విమానాలవాళ్లకి 1936లో పుట్టిన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ అని పెద్ద సంస్థ ఉంది, క్లబ్బులు దాని సేఫ్టీ కోడ్ పాటిస్తాయి. సరదాకి ఎగరేసినా ట్రస్ట్ అనే చిన్న ఉచిత పరీక్ష పాసవ్వాలి. 250 గ్రాములు దాటితే 5 డాలర్లు కట్టి మూడేళ్లకి రిజిస్టర్ చేసుకోవాలి. రిమోట్ ఐడీ (విమానం తన గుర్తింపుని ప్రసారం చేసే పరికరం) నిబంధన వచ్చాక, గుర్తింపు ఉన్న గ్రౌండ్లలో తప్ప ఆ పరికరం లేకుండా ఎగరేయకూడదు. అందుకే ఇక్కడ గ్రౌండ్ అంటే ప్రాణం.

కానీ నాకు నచ్చింది ఈ కాగితాలు కాదు. మొదటి రోజు నేను వెళ్లినప్పుడు డెబ్బై ఏళ్ల ఆయన ఒకరు వచ్చి, "నీ విమానం నేను చూడొచ్చా?" అని అడిగి, రెక్క బోల్టు దగ్గర్నుంచి సర్వో హార్న్ (పలకల్ని కదిపే చిన్న చెయ్యి) దాకా ఒక్కొక్కటీ కదిపి చూశారు. ఎలివేటర్ హార్న్ వదులుగా ఉంది. నాకు తెలియదు. అప్పుడు కాస్త అవమానంగా అనిపించింది. తర్వాత తెలిసింది, అక్కడ ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా కొత్త విమానం తెస్తే ఇంకొకరితో చూపించుకున్నాకే ఎగరేస్తారని. అందరికీ ఒకటే పద్ధతి ఉంటే ఎవరికీ చిన్నతనం ఉండదు.

గ్రీన్‌జోన్ · మంగళవారం, మధ్యాహ్నం 12:30

మన దగ్గర నిబంధనల విషయం కూడా ఒకసారి గుర్తుచేస్తాను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ మన విమానాలకీ వర్తిస్తాయి. సరదాకి, చదువుకి, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కి ఇచ్చే ఆమోదం) అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. గ్రీన్ జోన్‌లో (మ్యాప్‌లో ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 400 అడుగుల వరకే. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగులే. ఎగరేసే ముందు మ్యాప్‌లో ఆ రోజు ఏమైనా ఆంక్షలున్నాయేమో చూసుకోవడం పైలట్ బాధ్యత.

హైదరాబాద్ చుట్టూ చూడండి: శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్. ఎటు వెళ్లినా ఏదో ఒక ఎయిర్‌పోర్టో ఎయిర్‌ఫోర్స్ స్టేషనో. మనకి ఇంత దూరం వెళ్తే గానీ ఒక గ్రౌండ్ దొరకనిది అందుకే. అసలు విమానం గానీ హెలికాప్టర్ గానీ చప్పుడు వినపడితే మనమే తప్పుకోవాలి. ఎంత ఎత్తులో ఉందో లెక్కలు వేసుకోకుండా దించెయ్యాలి.

గద్ద_గ్లైడర్ · మంగళవారం, మధ్యాహ్నం 3:15

సంక్రాంతి వారంలో ఉన్నాం కాబట్టి గాలిపటాల సంగతి కూడా రాస్తాను. ఊరి పిల్లలు ఇప్పటికే ఎగరేస్తున్నారు. దారం మనకి కనపడదు. పోయినేడాది నా గ్లైడర్ రెక్క అంచు ఒక దారానికి తగిలి అయిలరాన్ హింజ్ దాకా తెగింది. నైలాన్ మాంజా 2017లోనే దేశమంతా నిషేధించారు, అయినా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. తెగిన దారం విమానానికి చుట్టుకుని వస్తే చేత్తో లాగొద్దు, వేలు తెగుతుంది. కత్తెరతో కోసి సంచిలో వేసుకోండి, గ్రౌండ్‌లో పడేస్తే పిట్టల కాళ్లకి చుట్టుకుంటుంది.

నా మాటైతే, ఈ వారం సాయంత్రాలు గ్రౌండ్ పిల్లలకి వదిలేద్దాం. పండక్కి వాళ్లకి అంత ఖాళీ చోటు ఇంకెక్కడ ఉంది? మనం తొమ్మిదిలోపు ముగిస్తే చాలు. గద్దలు థర్మల్‌లో (పైకి లేచే వేడిగాలిలో) తిరగడం మొదలయ్యే వేళకి నేను ఒక్కణ్ని ఉంటాను, వాటి వెనక నా గ్లైడర్ తిప్పుకోవడానికి. అదీ గాలిపటం ఒక్కటి కూడా లేకపోతేనే.

ఏలూరు_ఏరోబాట్ · మంగళవారం, రాత్రి 8:20

కుడిచేత్తో మెల్లగా కొడుతున్నాను. ఎడమచేతికి కట్టు ఉంది. అందరి ఫోన్లకీ మెసేజ్‌లకీ కృతజ్ఞతలు.

నాకు త్రాటిల్ కట్ స్విచ్ ఉంది. కొన్న రోజే ప్రోగ్రాం చేసుకున్నాను. వాడతాను కూడా. నిన్నంతా తలుచుకుంటే, ఆదివారం పొద్దున స్విచ్ ఎందుకు వెయ్యలేదో గుర్తొచ్చింది. టేబుల్ మీద సర్వోలు చూసుకుంటూ మోటార్ కూడా ఒకసారి తిరుగుతుందో లేదో చూద్దామని కట్ తీశాను. అప్పుడే ఎవరో టీ ఇచ్చారు. టీ తాగాను. విమానం ఎత్తుకున్నాను.

అంతే. ఒక టీ.

ఎలివేటర్_అప్ గారు అడిగి ఉంటే నాకు కోపం వచ్చేదా అని కూడా ఆలోచించాను. నిజం చెప్పాలంటే కాస్త వచ్చేది. "తెలుసులేవయ్యా" అనేవాణ్ని. అయినా చెయ్యి స్విచ్ మీదికి వెళ్లేది. కాబట్టి ఇకమీదట నన్ను అడగండి. కసిరినా అడగండి.

ఎలివేటర్_అప్ · మంగళవారం, రాత్రి 8:55

అన్నా, ఆ టీ ఇచ్చింది నేనే.

ఆదివారం నుంచీ బ్యాటరీ కనెక్ట్ అయి ఉన్నచోట టీ, ఫోన్, కబుర్లు ఏవీ వద్దు. టీ ఫ్లాస్క్ కార్ల దగ్గర పెడతాను.

పచ్చచేను · బుధవారం, ఉదయం 9:15

తమ్ముడు పొద్దున వచ్చాడు. ఆయన దగ్గరికి వెళ్లాం. డబ్బు తీయబోతే వద్దన్నాడు. "నారు మిగిలింది, వచ్చి పెట్టిపో" అన్నాడు.

మడి మూలన కట్టలు కట్టి ఉంచిన నారు ఉంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాడు. ఎంత లోతు గుచ్చాలో ఆయన కోడలు చూపించింది: రెండు వేళ్ల లోతు, అంతకన్నా లోపలికి పోతే పిలక సరిగ్గా రాదు. గంటన్నర పట్టింది ఆ గుంటలన్నీ పూడ్చి నాటడానికి. ఆయన గట్టు మీద కూర్చుని, "ఆ విమానం ఎంత దూరం పోతుంది? ఎన్ని రూపాయలు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఈ ఆదివారం మనవణ్ని తీసుకుని చూడటానికి వస్తానన్నాడు. పాప_నాన్న గారూ, ఆ తాడు వెనక ఇంకో రెండు కుర్చీలు వెయ్యాలి.

ఇంకో మాట కూడా అన్నాడు. ఎరువు చల్లే రోజున, కలుపు తీసే రోజున పొద్దున్నే మడిలో మనుషులుంటారు, ఆ రోజుల్లో అటువైపు ఎగరేయొద్దన్నాడు. తన ఫోన్ నంబర్ ఇచ్చాడు. శనివారం రాత్రి నేనే అడిగి ఇక్కడ రాస్తాను.

ఫోమీ_తమ్ముడు · బుధవారం, ఉదయం 11:30

నడుం పట్టేసింది. కానీ రాత్రి నిద్రపడుతుంది ఇవాళ.

నా విమానం రెక్క విరిగింది, మోటార్ మౌంట్ బాగానే ఉంది. ఆదివారానికి అతికించడం అవ్వదు. వచ్చి స్పాటర్‌గా ఉంటాను, నాకు నేర్పండి.

ఎలివేటర్_అప్ · గురువారం, రాత్రి 10:10

గాలి మామూలుగానే ఉంటుంది, ఆరున్నరకి రండి. పైలట్లు ఐదుగురే ఒకసారికి, అందరూ రన్‌వేకి దక్షిణాన ఒకే వరసలో నిలబడతాం. ఉత్తరం వైపు చూస్తే పొద్దుటి ఎండ కళ్లలో పడదు. విమానం మన గీత దాటి వెనక్కి రాకూడదు, ఎంత దగ్గరి స్నేహితుడిదైనా. కొత్త ఫస్ట్ ఎయిడ్ డబ్బా కొన్నాను, గాలి సంచి స్తంభానికి వేలాడదీస్తాను. బ్యాటరీ అంటుకుంటే పొయ్యడానికి ఇసుక బకెట్ బాబాయ్ తెస్తున్నారు. మంటలార్పే సిలిండర్ ఎవరి కారులోనైనా ఉంటే చెప్పండి.

ఏలూరు_ఏరోబాట్ · శుక్రవారం, ఉదయం 7:05

సిలిండర్ నా కారులో ఉంది. కారు మా అబ్బాయి నడుపుతాడు, నేను వస్తున్నాను.

లిపో_లెక్కలు, ఒక సాయం కావాలి. ఆదివారం ఎగరకుండా మిగిలిపోయిన 3ఎస్ 2200 (మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్) లిపో బ్యాటరీ ఇంకా ఫుల్ ఛార్జ్‌తోనే ఇంట్లో ఉంది, అలా ఉంచకూడదు కదా. మీటర్ పెడితే 12.5 చూపిస్తోంది. ఒంటిచేత్తో ఛార్జర్ కనెక్టర్లు పెట్టలేకపోతున్నాను. ఇంట్లోవాళ్లకి చెప్పడానికి భయంగా ఉంది, బ్యాలెన్స్ వైరు తప్పుగా పెడతారేమోనని.

లిపో_లెక్కలు · శుక్రవారం, ఉదయం 7:20

దేన్నీ ముట్టుకోకండి. బ్యాటరీని మంట తట్టుకునే బ్యాగ్‌లో పెట్టి, కర్టెన్లకీ పరుపులకీ దూరంగా గచ్చు మీద ఉంచండి. ఆఫీసుకి వెళ్తూ దారిలో వస్తాను.

లిపో_లెక్కలు · శుక్రవారం, ఉదయం 9:50

వెళ్లొచ్చాను. ఉబ్బలేదు, మూడు సెల్స్ సమానంగానే ఉన్నాయి. నిల్వకి సరిపడేలా సెల్‌కి 3.8 వోల్ట్‌లకి దించి పెట్టాను, మొత్తం 11.4. అక్క ఉప్మా పెట్టారు, ఛార్జర్ మీద ఏ వైరు ఎక్కడ పెట్టాలో ఆవిడకి ఒకసారి చూపించాను. ఆదివారం ఆవిడ కూడా వస్తున్నారు.